అద్దం ముందు ఇరవైసార్లు చెప్పుకున్నా వేదిక మీద ఎందుకు తడబడతాం?

ఆరు నిమిషాల ప్రసంగం. రాసుకున్నారు, బట్టీ పట్టారు, అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు చెప్పుకున్నారు. వేదికెక్కాక మొదటి రెండు నిమిషాలు గడగడా సాగింది. మూడో నిమిషంలో ఎవరో ఆలస్యంగా వచ్చి ముందు వరుసలో కుర్చీ జరిపారు. అంతే, తర్వాతి వాక్యం మాయం. దాన్ని అందుకోవచ్చని అంతకుముందు వాక్యాన్నే మళ్ళీ చెప్పారు. అందలేదు. "సమయాభావం వల్ల ఇంతటితో ముగిస్తున్నాను" అని దిగిపోయారు.

దీనికి సభాకంపం అని పేరు పెట్టేస్తాం. భయం పాత్ర కొంత ఉంది, కాదనలేం. కానీ ఇలాంటి చోట అసలు లోపం సాధన చేసిన పద్ధతిలోనే ఉంటుంది.

బట్టీ పట్టిన పాఠం గొలుసు లాంటిది. ప్రతి వాక్యాన్నీ దాని ముందున్న వాక్యమే గుర్తుచేస్తుంది. ఎక్కాలు వల్లిస్తున్న పిల్లవాణ్ణి ఆపి "ఏడెనిమిదులు ఎంత?" అని అడగండి. ఏడొకట్ల నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా వస్తే తప్ప చెప్పలేడు. గొలుసులో ఒక్క లంకె తెగితే మిగతాదంతా మన దగ్గరే ఉన్నా చేతికి రాదు. పైగా ఇంట్లో తప్పు దొర్లినప్పుడల్లా "మళ్ళీ మొదటినుంచి" అనుకుంటాం. అంటే ఇరవైసార్లు సాధన చేశామనుకున్నది నిజానికి మొదటి నిమిషాన్ని ఇరవైసార్లు, చివరి నిమిషాన్ని ఏ నాలుగుసార్లో చెయ్యడం. సభలో జరిగేదీ అదే: మొదలు దూసుకుపోతుంది, ముగింపు నీరుగారుతుంది.

ఇంకో పొరపాటు, కాగితం చేతిలో పట్టుకుని చదువుకోవడాన్ని సాధన అనుకోవడం. చూసి చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. ఇంకో జట్టు చదివాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందున్నారు. ప్రసంగానికి ఇది నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. కాగితం మూసి, తడుముకుంటూ, సగం మర్చిపోతూ చెప్పిన ఒక్కసారి, చూసి చదివిన ఐదుసార్ల కంటే మేలు. తడుముకోవడం ఇబ్బందిగానే ఉంటుంది. పని చేసేది ఆ ఇబ్బందే.

చీటీలు, పేకముక్కల్లా

గొలుసును ముక్కలు చెయ్యాలి. ఆరు నిమిషాల ప్రసంగానికి ఐదు చీటీలు చాలు: మొదలు, మూడు విషయాలు, ముగింపు. పోస్టుకార్డంత మందపాటి అట్ట తీసుకోండి. పలుచని కాగితమైతే చెయ్యి కొద్దిగా వణికినా రెపరెపలాడి వెనక వరుసదాకా చాటి చెబుతుంది. ఒక్కో చీటీ మీద ఐదారు మాటలకు మించి రాయకూడదు. వాక్యాలు అసలే వద్దు. వాక్యం కనిపిస్తే కళ్ళు చదవడం మొదలుపెడతాయి.

ఊరి చెరువులో పూడిక తీయించడం గురించి గ్రామసభలో మాట్లాడాలనుకుందాం. రెండో చీటీ మీద ఇంతే ఉంటుంది: "పదేళ్ళు – సగం మట్టి – చివరి పొలం – బోరు ఖర్చు". ఈ నాలుగు మాటల్నీ పట్టుకుని నిమిషంన్నర మాట్లాడాలి. ఈరోజు ఒకలా, రేపు ఇంకోలా వస్తుంది. రానివ్వండి. ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెప్పగలిగితే, వేదిక మీద ఒక దారి మూసుకుపోయినా మూడు మిగులుతాయి.

ఇప్పుడు చీటీల్ని పేకముక్కల్లా కలిపి ఒకటి తియ్యండి. ఏది వస్తే అక్కడినుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళాలి. ఇలా నాలుగు రోజులు చేశాక, ముగింపు నుంచి వెనక్కి రండి: ముందు ఐదో చీటీ ఒక్కటే, తర్వాత నాలుగు-ఐదు, తర్వాత మూడు-నాలుగు-ఐదు. ఇలా చేస్తే ముందుకు వెళ్ళేకొద్దీ బాగా తెలిసిన నేల మీదికే వస్తుంటారు. మామూలు సాధనలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది.

మాటకు మాట బట్టీ పట్టాల్సినవి కొన్ని లేకపోలేదు. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, అంకెలు, పేర్లు. అంతవరకే. వేదిక మీద ఉన్నవాళ్ళ పేర్లూ హోదాలూ ముందురోజే అడిగి తెలుసుకుని నోటికి అలవాటు చేసుకోవాలి. అధ్యక్షుడి ఇంటిపేరు తప్పుగా పలికాక ఎంత గొప్పగా మాట్లాడినా, ఆయనకు గుర్తుండేది ఆ తప్పే.

రాసే తెలుగు, మాట్లాడే తెలుగు

ప్రసంగం కృతకంగా ఉందని అనిపించడానికి చాలాసార్లు కారణం హావభావాలు కాదు, వాక్యం. కాగితం మీద ఇలా రాసుకుంటాం: "గత పదేళ్ళుగా పూడిక తీయకపోవడం వల్ల నీటి నిల్వ సామర్థ్యం తగ్గిపోయి, ఆయకట్టు చివరి భూములకు నీరందక, రైతులు బోర్లపై ఆధారపడవలసిన పరిస్థితి ఏర్పడిందనేది మనందరికీ తెలిసిన విషయమే."

చదవడానికి ఇబ్బంది లేదు. వినేవాడికి మాత్రం ఒకటే చిక్కు: తెలుగులో క్రియ చివర వస్తుంది. "తగ్గిపోయి", "అందక" అని అసమాపక క్రియలు పేర్చుకుంటూ పోతే, అసలు ఏం చెప్పబోతున్నారో తెలియక శ్రోత అన్నిటినీ మోసుకుంటూ చివరిదాకా నడవాలి. చదివేవాడు కళ్ళు వెనక్కి తిప్పగలడు, వినేవాడికి ఆ వెసులుబాటు లేదు. చెప్పేవాడికీ కష్టమే. ఊపిరి మధ్యలో అయిపోతుంది, మొదలుపెట్టిన కర్తను మర్చిపోయి ఇంకో క్రియతో ముగిస్తాడు.

అదే సంగతి అరుగు మీద కూర్చుని పక్కింటాయనకు చెప్పాల్సి వస్తే? "మన చెరువులో పదేళ్ళ నుంచి పూడిక తియ్యలేదు. సగం మట్టే. చివరి పొలాలకు నీళ్ళు రావడం లేదు. అందుకే అందరం బోర్లు వేసుకుంటున్నాం." నాలుగు వాక్యాలు, నాలుగు చోట్ల ఊపిరి.

కాబట్టి ముందు మాట్లాడి, తర్వాత రాయడం మంచిది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, విషయం తెలియని మనిషికి చెబుతున్నట్టు మూడు నిమిషాలు మాట్లాడండి. దాన్ని విని, ఉన్నదున్నట్టు రాయండి. అనవసరమైనవి కొట్టెయ్యండి. ఆ మిగిలిందే మీ ప్రసంగం. "యొక్క", "చేయబడినది", "తెలియజేసుకుంటున్నాను" లాంటివి అందులో ఎలాగూ ఉండవు, ఎందుకంటే నోటితో ఎవరూ అలా అనరు. పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడి వందేళ్ళు దాటింది; మైకు ముందుకు రాగానే గ్రాంథికం మళ్ళీ ఎక్కడినుంచి తన్నుకొస్తుందో తెలియదు.

వాక్యం చివర మింగేస్తే

తెలుగు వక్తలు అన్నిటికంటే ఎక్కువ సాధన చెయ్యాల్సింది, దాదాపు ఎవరూ చెయ్యనిది ఇది. మన భాషలో క్రియే కాదు, 'కాదు, లేదు, కూడదు, వద్దు' అన్నీ వాక్యం చివరే ఉంటాయి. ఇంగ్లిషులో "నాట్" అనే మాట క్రియకు ముందో పక్కనో మధ్యలోనే వినిపించేస్తుంది. మనకు మొత్తం అర్థం చివరి రెండు అక్షరాల మీద వేలాడుతుంది. "ఈ మందు ఐదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వచ్చు", "ఇవ్వకూడదు". "గడువు పెంచారు", "పెంచలేదు". వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి తగ్గుతుంది, గొంతు దిగుతుంది, చూపు తర్వాతి చీటీ మీదికి పోతుంది. వెనక కూర్చున్నవాళ్ళకు "గడువు పెంచ..." దాకా వినిపించి ఆగిపోతుంది.

దీనికో చిన్న కసరత్తు. ఇంట్లో ఒకరిని ఇరవై అడుగుల దూరంలో, మీకు వీపు పెట్టి నిలబెట్టండి. పెదవులు చూసి పోల్చుకునే వీలుండకూడదు. మీరు మామూలుగా మాట్లాడండి. ప్రతి వాక్యం తర్వాత వాళ్ళు చివరి మాట ఒక్కటే తిరిగి చెప్పాలి. చెప్పలేకపోయిన వాక్యాన్ని మీరు మళ్ళీ చెప్పాలి. మొదటిరోజు పది వాక్యాల్లో ఎన్ని మింగేస్తున్నారో తెలిసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. అరవడం దీనికి మందు కాదు. వాక్యాన్ని చిన్నది చేసి, మొదలుపెట్టేముందు ఊపిరి తీసుకోవడమే మందు. పొట్ట మీద చెయ్యి పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, "స్‌స్‌స్" అంటూ సమంగా వదలండి. 15 సెకన్లతో మొదలుపెట్టి వారంలో 20కి తెచ్చుకోవచ్చు. భుజాలు పైకి లేస్తున్నాయంటే పైపై ఊపిరే తీస్తున్నట్టు. తల తిరిగినట్టనిపిస్తే ఆపండి.

ఉచ్చారణకు "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా" లాంటివి రోజూ రెండు నిమిషాలు, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ అంటే చాలు. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టుకుని మాట్లాడటం లాంటివి మాత్రం మానెయ్యొచ్చు. వేదిక మీద నోట్లో పెన్సిలు ఉండదు కదా.

నిమిషాల లెక్క

నిమిషానికి 130 నుంచి 150 మాటలు అని ఇంగ్లిషు పుస్తకాల్లో కనిపించే లెక్కను తెలుగుకు తెచ్చుకోకూడదు. "రాలేకపోతున్నానన్నాడు" మనకు ఒక్క మాట. ఇంగ్లిషులో అది చెప్పాలంటే ఏడెనిమిది కావాలి. ఆ లెక్కతో రాసుకుంటే ఆరు నిమిషాల ప్రసంగం తొమ్మిదో పదో అవుతుంది. మీ వేగం మీరే కొలుచుకోండి: తెలిసిన విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, మాటలు లెక్కపెట్టి సగం చెయ్యండి. అదే మీ నిమిషం.

ఆరు నిమిషాలు ఇచ్చారంటే ఐదు నిమిషాలకే సిద్ధం కావాలి. "వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ ఎనిమిది మంది పేర్లు హోదాలతో సహా చదివితే అక్కడే నిమిషం పోతుంది. మైకు అందుకోవడం, చప్పట్లు, జనం నవ్వితే ఆగడం, ఇవేవీ ఇంట్లో గడియారానికి తెలియవు. మూడు విషయాల్లో ఏది వదిలెయ్యాలో కూడా ముందే నిర్ణయించుకోండి. మీ ముందు మాట్లాడినాయన మీ సమయం తినేసి "రెండు నిమిషాల్లో ముగించండి" అని చీటీ పంపించడం మన సభల్లో వింతేమీ కాదు. అప్పుడు వేగం పెంచితే ఏదీ మిగలదు. మొదలు, ఒక్క విషయం, ముగింపు: ఈ రెండు నిమిషాల రూపాన్ని కూడా రెండుసార్లు సాధన చేసి ఉంచుకోండి.

రికార్డింగును మూడుసార్లు

సాధనకు అద్దం వద్దు. కారణం సులువైనది. మాట్లాడుతూ మనల్ని మనం చూసుకుంటుంటే బుర్ర రెండు పనుల మధ్య చీలిపోతుంది, రెండూ సగం సగమే అవుతాయి. ఫోన్‌ను ఏదైనా డబ్బాకు ఆనించి పెట్టి వీడియో తీసుకోండి, తర్వాత చూడండి. మొదటిసారి తెర బోర్లించి వినడం మాత్రమే. రెండోసారి శబ్దం తీసేసి చూడటం మాత్రమే. చేతులు ఏం చేస్తున్నాయో, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఎన్నిసార్లు మారుతోందో అప్పుడే తెలుస్తుంది. మూడోసారి రెండూ కలిపి. గొంతు పరాయిగా ఉందని బెంగపడకండి. మన మాట మనకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది, అందుకే నిండుగా ఉంటుంది. రికార్డింగులో ఎముకల వాటా ఉండదు. జనం ఎప్పుడూ వింటున్నది ఆ రెండో గొంతునే.

కనిపించిన తప్పులన్నీ ఒకేసారి దిద్దబోతే ఏదీ దిద్దుబాటు కాదు. ఒక రోజుకు ఒక్కటి. ఊతపదాల రోజైతే అవే: "అంటే", "ఏంటంటే", "సో", "బేసిక్‌గా", "అన్నమాట". వాటిని ఆపెయ్యాలని నియమం పెట్టుకుంటే నోరు బిగుసుకుపోతుంది. అవి వచ్చేది తర్వాతి ఆలోచన కోసం వెతుక్కునే ఖాళీలో. ఆ ఖాళీని మౌనంతో నింపడం నేర్చుకోవాలి. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, "అంటే" వచ్చినప్పుడల్లా బల్ల మీద ఒక్కసారి తట్టమనండి. 1924లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా ఆనాలో మొదలై, ఇప్పుడు మన నగరాల్లోనూ నడుస్తున్న, సభ్యులు ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈ ఊతపదాలు లెక్కపెట్టడానికి ప్రతి సమావేశంలో ఒక మనిషే ఉంటారు. మనకు క్లబ్బు లేకపోతే ఇంట్లో పదో తరగతి పిల్లలున్నారు. పెద్దల తప్పులు పట్టడానికి వాళ్ళంత ఉత్సాహం ఇంకెవరికీ ఉండదు.

దడ తగ్గకపోయినా

2003లో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే పరిశోధకులు ఒక సంగతి గమనించారు. మాట్లాడేవాళ్ళు తమ కంగారు జనానికి కనిపిస్తోందనుకున్నంతగా జనానికి కనిపించదు. అసలు కిటుకు దాని తర్వాతిది: ఈ విషయాన్ని కొందరికి ముందే చెప్పి మాట్లాడిస్తే, వాళ్ళ ప్రసంగాలు మెరుగ్గా ఉన్నాయని వాళ్ళూ అన్నారు, విన్నవాళ్ళూ అన్నారు. లోపల గుండె కొట్టుకుంటుంటే "అందరికీ తెలిసిపోతోంది" అన్న దిగులు దానికి తోడై దడ రెట్టింపవుతుంది. వీడియోలో చూసుకుంటే ఆ దిగులు సగం పోతుంది, ఎందుకంటే మీ కంగారు మీకే కనిపించదు.

"ప్రశాంతంగా ఉండు" అని తనకు తాను చెప్పుకోవడం కంటే "హుషారుగా ఉంది" అని చెప్పుకోవడం మెరుగని 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో తేలింది. దడలోనూ హుషారులోనూ గుండె వేగంగానే కొట్టుకుంటుంది కాబట్టి, దడను హుషారుగా మలుచుకోవడం సులువు, నిశ్చలంగా మార్చడం కష్టం. దీన్నీ సాధన చెయ్యొచ్చు. రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కి, ఆయాసం తీరకముందే మొదటి చీటీ మొదలుపెట్టండి. (మోకాళ్ళ నొప్పులో గుండె జబ్బో ఉంటే ఇది వద్దు.) అలాంటి స్థితిలో పది సార్లు నోరు తెరిచిన మనిషికి వేదిక మీది దడ కొత్త చుట్టం కాదు.

అప్రస్తుత ప్రసంగిని ఇంటికి పిలవండి

అంతరాయాన్ని తట్టుకునే సాధనకు మన దగ్గర అవధానం కంటే మంచి నమూనా లేదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు వంతులవారీగా అడుగుతుంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు సమస్య ఇస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, అప్రస్తుత ప్రసంగి ఒక ఎత్తు: పద్యం సగంలో ఉండగా ఏ సంబంధమూ లేని ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని ఓ చమత్కారంతో జవాబు చెప్పి, వదిలిన చోటే పద్యాన్ని అందుకుంటాడు. చివర ధారణలో అన్ని పద్యాలూ అప్పగిస్తాడు. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి జనం ఎగబడి చూసింది ఈ నిలదొక్కుకోవడాన్నే. అవధాని పద్యాల్ని ముందే సిద్ధం చేసుకుని రాడు. ఛందస్సునూ పదసంపదనూ నాలుక మీద పెట్టుకుని వస్తాడు. చీటీల సాధన కూడా అలాంటిదే.

ఇంట్లో ఒకరికి ఆ పాత్ర ఇవ్వండి. మీరు మాట్లాడుతుండగా ఎప్పుడైనా, మూడుసార్లు, అడ్డం పడాలి. ఫోన్ మోగించవచ్చు, "కాఫీ తాగుతారా?" అనవచ్చు, "ఆ పూడిక మట్టి ఎవరు తోలుకుపోయారు?" అని నిలదీయవచ్చు. మీరు ఒక్క వాక్యంలో జవాబిచ్చి, వదిలిన విషయం పేరు పలికి ముందుకు సాగాలి: "మట్టి లెక్క చివర్లో చెబుతాను. బోరు ఖర్చు దగ్గర ఉన్నాం కదా..." ఆ పేరు పలకడమే కొక్కెం. జనాన్నీ మిమ్మల్నీ ఒకేసారి వెనక్కి లాక్కొస్తుంది.

ప్రసంగం తర్వాతి ప్రశ్నలకూ ఇదే దారి. ఎదురయ్యే ఎనిమిది పది ప్రశ్నలు, ముఖ్యంగా మీరు భయపడేవి, రాసుకుని ఒక్కోదానికి నిమిషం పెట్టుకోండి: ముందు జవాబు, తర్వాత ఒక కారణం, ఒక ఉదాహరణ, ఆగిపోవడం. మనవాళ్ళకు కష్టమైంది చివరిదే.

మైకు

ఇంట్లో టార్చిలైటు పట్టుకుని సాధన చెయ్యండి. బరువూ పట్టూ ఇంచుమించు మైకులానే ఉంటాయి. గడ్డానికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో, నోటికి సూటిగా కాకుండా కొంచెం కిందనుంచి ఏటవాలుగా ఉంచితే ప, ఫ, బ, భ పలికినప్పుడు వచ్చే గాలి మైకు మీద పడి "ధబ్" మనదు. తల తిప్పితే మైకు కూడా తిరగాలి. లేకపోతే ఎడమ పక్క వాళ్ళను చూసి చెప్పిన వాక్యం ఎవరికీ వినిపించదు. జాలీ ఉన్న తలభాగాన్ని పిడికిట్లో బిగిస్తే, స్పీకరు పెట్టె ముందుకు నడిస్తే కీచుమంటుంది. స్టాండు మైకైతే ఎత్తు సరిచేసుకున్నాకే నమస్కారం. వంగి మాట్లాడితే ఊపిరి సగానికి పడిపోతుంది.

పది రోజులుంటే

రోజుకు 20 నుంచి 25 నిమిషాలు చాలు. చివరిరోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే అదే సమయాన్ని పది రోజులకు పంచితే ఎక్కువ నిలుస్తుంది. జ్ఞాపకశక్తి మీద 1885లో పుస్తకం వేసిన హెర్మన్ ఎబింగ్‌హాస్ నాటినుంచీ తెలిసిన సంగతే ఇది. మొదటి రెండు రోజులు మాట్లాడి రాయడం, చీటీలు చెయ్యడం. మూడు నుంచి ఆరు దాకా చీటీలు కలిపి సాధన, రోజూ చివరి మాట కసరత్తు, నాలుగోరోజు మొదటి వీడియో. ఏడోరోజు అప్రస్తుత ప్రసంగి. ఎనిమిదిన ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి మొత్తం చెప్పడం. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, దానివల్ల ఉపయోగం లేదు; "నేనేం అడిగాను, ఎందుకు అడిగాను?" అని అడగండి. వాళ్ళు చెప్పలేకపోతే మార్చాల్సింది గొంతు కాదు, విషయం. తొమ్మిదిన ఆరోజు వేసుకునే బట్టలతో, చెప్పులతో, నిలబడి, పేర్ల పట్టికతో సహా. కొత్త పట్టుచీర కుచ్చిళ్ళూ కొత్త బూట్లూ నడకను మార్చేస్తాయి. పదోరోజు మొదటి రెండు, చివరి రెండు వాక్యాలు తప్ప ఏమీ వద్దు, కొత్త ఉదాహరణ ఎంత బాగా తట్టినా సరే చేర్చకండి.

సభలోనూ ఎవరిచేతనైనా రికార్డు చేయించండి. రెండు రోజుల్లోపు వినండి, ఇంకా ఆలస్యమైతే వాయిదాలే. వింటూ రెండే రాసుకోండి: జనం కదలడం, దగ్గడం ఎక్కడ మొదలైంది, అనుకోకుండా నిశ్శబ్దమైంది ఎక్కడ. తర్వాతి ప్రసంగం మొదటి చీటీ వెనక ఈ రెండూ రాసి పెట్టుకోండి.